పధ్నాలుగో గొట్టం

యూనివర్సిటీ హాస్టలు, ఇరవై ఏడో గది
జులై 6

అక్కా,

క్షేమంగా చేరాను. ఫ్లాస్కు కూడా చేరింది. బస్సులో పక్కసీటు ఆవిడ అందులో టీ ఉందా అని రెండుసార్లు అడిగింది. తొమ్మిదిమంది రక్తం ఉందని చెబితే బస్సు దిగిపోతుందేమోనని నిద్రపోతున్నట్టు నటించాను.

సెలవులకి ఇంటికెళ్ళే ప్రతి విద్యార్థీ తిరిగొచ్చేటప్పుడు ఇంట్లోవాళ్ళ రక్తం తేవాలన్నది మా సారు పెట్టిన ఆనవాయితీ. జబ్బున్నవాళ్ళ రక్తం ఆసుపత్రి ఇస్తుంది. పోల్చడానికి జబ్బులేనివాళ్ళదీ కావాలి. వాళ్ళంతట వాళ్ళొచ్చి చెయ్యి చాపరు కదా, అందుకని బంధువుల మీద పడతాం. రాగానే, మిగతావాళ్ళు తెచ్చినవాటితో కలిపేసి, ముప్ఫై గొట్టాలకి నంబర్లు అంటించాను. ఏ నంబరు ఎవరిదో రాసిన కాగితాన్ని కవర్లో పెట్టి మూతి అంటించేశాను. పరీక్షలన్నీ అయి ఫలితాలు అచ్చయ్యేదాకా దాన్ని విప్పకూడదు. మనవాళ్ళదని తెలిస్తే చెయ్యి అటు మొగ్గుతుందట. కవరు నా బల్ల సొరుగులోనే ఉంది.

ఇక అసలు సంగతి. ఎమ్మెస్సీ రెండో ఏడాది అంటే గొప్పగా ఉంటుందనుకున్నాను. ఇవాళ నేను చేసిన పని ఏమిటో తెలుసా? ఎలుక ప్లీహాన్ని చిన్న జల్లెడ మీద పెట్టి, సిరంజి వెనక కాడతో నూరాను. ప్లీహం అంటే కడుపులో ఎడమపక్కన ఉండే ముదురెరుపు ముక్క, చిటికెనవేలంత కూడా ఉండదు. నూరితే కింద గిన్నెలో గులాబీరంగు నీళ్ళు దిగుతాయి. ఆ నీళ్ళలోనే రోగనిరోధక శక్తి మొత్తం ఈదుతోందట. అదే బల్ల మీద మా సీనియర్ బిస్కెట్ల పొట్లం విప్పుకుని తింటోంది. ఒకటి నాకూ ఇవ్వబోయింది. ఎలుకల్ని పట్టుకున్న తొడుగుల చేత్తోనే.

జంతువుల గది వాసన జుట్టులోకి ఎక్కేసింది. మూడుసార్లు తలంటుకున్నా దిండు ఇంకా ఎలుకల ఉచ్చ కంపే కొడుతోంది. ఇంటికొచ్చి మన షాపులో పుస్తకాలకి జిగురు రాసుకుందామా అనిపిస్తోంది.

ఉత్తరమే రాయి. ఫోన్లో అయితే "బాగున్నా" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే కనీసం రెండు పేజీలు నింపాలి కాబట్టి ఎక్కడో ఒకచోట నిజం రాస్తావు.

నీ
ఛీపాప

*

బైండింగ్ షాపు, కుట్టు బల్ల దగ్గర
ఆగస్టు 11

ఛీపాపకి,

పాలమీద మీగడ చూసి ఛీ, జామపండులో గింజ చూసి ఛీ, నేను ముద్దుపెట్టుకుంటే బుగ్గ తుడుచుకుని ఛీ. ఆ పిల్ల ఎలుక ప్లీహం నూరుతోందంటే మీ బావ నమ్మడం లేదు. నీ ఉత్తరం తనే చదివి, నవ్వలేక కత్తెర కింద పెట్టాడు.

ఇక్కడ థీసిస్‌ల కాలం. రోజుకి పాతిక వస్తున్నాయి. అట్టలు ఆరేలోపు నేను నాలుగు పేజీలు తిప్పి చూస్తానని నీకు తెలుసు కదా. మొన్న ఇద్దరు వేరువేరు మనుషులు తెచ్చిన రెండు థీసిస్‌లలో నలభై ఒక్క పేజీలు ఒకటే. ఒకరి పుస్తకంలో ఉన్న అచ్చుతప్పు రెండోదాంట్లోనూ అదే లైన్లో ఉంది. తీసుకోవడానికి వచ్చినాయనతో మెల్లగా అన్నాను. ఆయన పుస్తకం వెన్ను మీద వేలితో తట్టి, "మీరు బైండింగ్ చూసుకోండమ్మా" అన్నాడు. ఏం చెయ్యను, బంగారు అక్షరాలు అద్ది ఇచ్చేశాను. జిగురు కడుక్కుంటే పోతుంది, ఆ రోత మాత్రం సాయంత్రం దాకా చేతులకి అంటుకునే ఉంది.

నిజం రాయమన్నావు కాబట్టి రాస్తున్నా. పొద్దున లేవగానే వేళ్ళు ముడుచుకోవడం లేదు. వేడినీళ్ళలో గంటసేపు పెడితే గాని దబ్బనం పట్టుబడటం లేదు. నలభై దగ్గరపడుతోంది, మరి ఇరవై ఏళ్ళుగా కుడుతున్న వేళ్ళు. ఇందులో పెద్ద విశేషం లేదు, పేజీ నింపడానికి రాశాను.

అవునూ, నా రక్తం ఏమంది? రక్తం ఇవ్వడానికి ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టేముందు నేను మొత్తం చదివాను, గుర్తుందా? నర్సు విసుక్కుంది కూడా. ఆరో లైన్లో ఉంది, పరీక్షలో తేడా ఏదైనా కనిపిస్తే రక్తం ఇచ్చినవాళ్ళకి తెలియజేస్తాం అని. నాకు చెప్తావా అంటే, "నీకేముంటుందే, నువ్వు రాయివి" అన్నావు. రాయి సంగతేమిటో కాస్త కనుక్కుని రాయి.

అక్క

*

హాస్టలు
సెప్టెంబరు 20

అక్కా,

ముందు నీ వేళ్ళ సంగతి. అది జిగురు అలర్జీ. ఇరవై ఏళ్ళుగా పడినది ఇప్పుడు పడకపోవచ్చు, ఒంటికి ఎప్పుడు ఏది నచ్చదో చెప్పలేం. తొడుగులు వేసుకుని పని చెయ్యి. ఇది నీ చెల్లెలు చెబుతున్నది కాదు, ఇమ్యునాలజీ విద్యార్థిని చెబుతున్నది.

ఈ వారం క్లాసులో థైమస్ గురించి చెప్పారు. గుండెకి పైన ఎముక వెనకాల ఒక చిన్న గ్రంథి ఉంటుంది. కొత్తగా పుట్టిన రక్షణకణాలన్నీ అక్కడికి పరీక్ష రాయడానికి వెళతాయి. పరీక్షలో ముఖ్యమైన ప్రశ్న ఒకటే, నీవాళ్ళెవరు, పైవాళ్ళెవరు అని. సొంత ఒంటినే పట్టుకునే కణాన్ని అక్కడికక్కడే చంపేస్తారు. ఏమీ గుర్తుపట్టలేనిదీ అక్కడే చస్తుంది. నూటికి తొంభైకి పైగా బయటికి రావు. మేడమ్ ఇదంతా నవ్వుతూ, చాలా అందమైన ఏర్పాటు అంటూ చెప్పింది. నాకు మాత్రం ఆ గ్రంథి ఒక కసాయి కొట్టులా కనిపించింది. తప్పించుకున్న కొన్ని కణాలు బయటపడి సొంత కీళ్ళ మీద, చర్మం మీద, మూత్రపిండాల మీద దాడి చేస్తాయి. మా సారు పనిచేసేది ఆ జబ్బు మీదే. ల్యూపస్ అంటారు.

మా ప్రయోగం నీకర్థమయ్యేలా చెప్తాను. తొంభై ఆరు గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటు. ఒక్కో గుంటలో ఒక్కొక్కరి రక్తం తేట. చివర్లో మందు పోస్తే జబ్బున్నవాళ్ళ గుంటలు పసుపు రంగుకి తిరుగుతాయి, ఆరోగ్యవంతులవి నీళ్ళలాగే ఉండిపోతాయి. ముప్ఫైమంది వీళ్ళు, ముప్ఫైమంది వాళ్ళు. అంతా చక్కగా వచ్చింది, ఆరోగ్యవంతుల్లో పధ్నాలుగో నంబరు తప్ప. దానికేమొచ్చిందో రోగులకంటే ముదురు పసుపు. మళ్ళీ చేశాను, మళ్ళీ పసుపే. గ్రాఫులో కింద ముప్ఫై చుక్కలు బుద్ధిగా ఒకచోట ఉండాల్సింది, అదొక్కటి పైకెక్కి కూర్చుంది. మొహం మీద మొటిమలా ఉంది, చూస్తేనే చిరాకు.

సారుకి చూపించాను. గొట్టం ఎక్కడో పాడై ఉంటుంది, తీసెయ్ అన్నారు. తీసేశాను. ఒక్క మీట నొక్కితే పోయింది. ఇప్పుడు గ్రాఫు ఎంత శుభ్రంగా ఉందో నువ్వు చూడాలి. ఈ రెండు నెలల రోతలో నాకు రోత పుట్టించనిది అదొక్కటే. ప్రింటు తీసి గోడకి అంటించుకున్నాను.

రాయి రాయిలాగే ఉంటుంది, దిగులు పడకు.

ఛీపాప

*

బైండింగ్ షాపు
అక్టోబరు 19

ఛీపాపకి,

చిన్న ఉత్తరం. తొడుగులు వేసుకుంటే దారం జారిపోతోంది, తీసేశాను. జిగురు పని మొత్తం మీ బావకి అప్పగించాను. అయినా వేళ్ళు అలాగే ఉన్నాయి.

బుగ్గలు ఎర్రబడుతున్నాయి. ముక్కుకి ఇటూ అటూ, ఎండలో పుస్తకాలు ఇచ్చి రావడానికి వెళ్ళినరోజు మరీను. మీ బావ చూసి, పెళ్ళయిన పదిహేనేళ్ళకి సిగ్గుపడటం నేర్చుకున్నావా అంటున్నాడు. నోట్లో పుండ్లు, భోజనం దగ్గర కూర్చోవాలంటే వెగటుగా ఉంది. దువ్వెన చూసుకుంటే కూడా. ఇంతకంటే రాస్తే నువ్వు ఛీ అంటావు.

ఒకటి అడగాలి. ఆ పధ్నాలుగో మనిషి ఎవరు? చెప్పారా వాళ్ళకి? గొట్టం పాడైతే రెండుసార్లూ ఒకేలా పాడవుతుందా? నాకు మీ చదువు తెలియదు. నేను కుట్టిన పుస్తకంలో ఒక పేజీ ఎక్కువొస్తే, చించి పారేసే ముందు అది ఏ పుస్తకంలోదో వెతుకుతాను. అందుకని అడిగాను.

అక్క

*

హాస్టలు
నవంబరు 15

అక్కా,

నీ ఉత్తరం మూడురోజులు పక్కన పెట్టాను, కోపంలో రాయకూడదని. అయినా తగ్గలేదు.

ఎవరో చూడటానికి వీల్లేదని చెప్పాను కదా. అది నియమం. ప్రతివాళ్ళూ కవర్లు విప్పి పేర్లు చూసుకుంటూ కూర్చుంటే దాన్ని సైన్సు అనరు. ముప్ఫైలో ఒకటి తేడా రావడం ప్రతి లాబ్‌లో ఉండేదే. మా సీనియరూ తన బ్యాచిలో ఇరవై రెండో నంబరు తీసేసింది. సారు పాతికేళ్ళుగా ఈ పని చేస్తున్నారు. ఆయనకంటే మన షాపులో కూర్చుని నీకు ఎక్కువ తెలిసిందా?

పైగా ఇంకొకళ్ళకి నీతి చెప్పేముందు, నలభై ఒక్క పేజీల దొంగతనానికి బంగారు అక్షరాలు అద్దింది ఎవరో గుర్తుచేసుకో.

పేపరు వచ్చేనెల జర్నలుకి వెళుతోంది. నాది రెండో పేరు. ఎమ్మెస్సీ వాళ్ళలో ఇంతవరకు ఎవరి పేరూ రెండోది రాలేదు. నువ్వు సంతోషిస్తావనుకున్నాను. ఇక్కడ కుందేలు చెవి నరంలోంచి రక్తం తీసినప్పుడు అది చేసే చప్పుడు విని వాంతి చేసుకున్నదాన్ని నేను. కంపు, నెత్తురు, వీళ్ళ కుళ్ళుజోకులు, అన్నీ భరించి ఇంతదాకా వస్తే, నువ్వు పట్టుకున్నది ఆ ఒక్క చుక్కనా?

బుగ్గలకి ఏదైనా క్రీము రాసుకో. రక్తహీనత అయ్యుంటుంది, జుట్టు దానికే ఊడుతుంది. ఆకుకూరలు తిను.

చెల్లి

*

ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం
జనవరి 8

చిన్నీ,

రెండు నెలలుగా ఉత్తరం లేదని అలిగి ఉంటావు. నేనేం అలగలేదు, రాయలేకపోయాను. పాదాలు ఉబ్బిపోయి చెప్పులు పట్టడం లేదు. మొహం పొద్దునపూట చూస్తే నాది కాదు. మూత్రం సబ్బునీళ్ళలా నురగ కడుతోంది. ఎంత అసహ్యంగా ఉంటుందో చెప్పలేను, నా ఒళ్ళు నాకే ముట్టుకోబుద్ధి కాదు. మీ బావకి చూపించడానికి సిగ్గేసి, మూడు వారాలు దాచాను. తర్వాత మెట్ల మీద కూర్చుండిపోతే తనే ఎత్తుకొచ్చాడు.

నిన్న పరీక్ష కాగితం వచ్చింది. పెద్ద డాక్టరు, డాక్టరు చదివే పిల్లలకి పాఠం చెబుతూ, నా మంచం దగ్గర నిలబడి ఆ పేరు అన్నారు. ల్యూపస్. నేను నీ సెప్టెంబరు ఉత్తరంలో చదివిన పేరే. ఆ పరీక్ష ఎలా చేస్తారని అక్కడున్న అమ్మాయిని అడిగాను. ప్లాస్టిక్ ప్లేటు, గుంటలు, పసుపు రంగు అంది.

నాకు ఒక్కటి రాసి పంపు. నా నంబరు ఎంత?

అక్క

*

హాస్టలు
జనవరి 12

అక్కా,

పధ్నాలుగు.

కవరు ఇవాళ విప్పాను. నా చేతిరాతే. పదమూడు, పక్కషాపు పిన్ని. పధ్నాలుగు, అక్క. పదిహేను, బావ. పేరు కూడా రాయలేదు, అక్క అనే రాసుకున్నాను. ఆరు నెలలుగా ఆ కవరు నా సొరుగులో, పెన్నుల కింద ఉంది. రోజుకి పదిసార్లు ఆ సొరుగు తీశాను.

నేను ఏం రాసినా తక్కువే కాబట్టి జరిగింది మాత్రం రాస్తాను. నీ రక్తం సెప్టెంబరు తొమ్మిదిన పసుపుకి తిరిగింది. పదకొండున మళ్ళీ తిరిగింది. అది చెప్పాల్సినదంతా రెండుసార్లు చెప్పింది. నేను తీసేశాను. తీసేశానని చెప్పిన ఉత్తరంలోనే నీ వేళ్ళకి జిగురు అలర్జీ అని రాశాను. కీళ్ళు, చర్మం, మూత్రపిండాలు అని అదే ఉత్తరంలో, అదే పెన్నుతో రాశాను. నీ బుగ్గల గురించి రాస్తే ఆకుకూరలు తినమన్నాను. ఆ బొమ్మ, ముక్కుకి రెండుపక్కలా ఎర్రమచ్చ, నా పుస్తకంలో రంగుల్లో ఉంది. పరీక్షకి దాన్ని రెండుసార్లు గీశాను, మార్కులు కూడా వచ్చాయి.

తనవాళ్ళని గుర్తుపట్టడం ఎలా అన్నదే ఈ శాస్త్రమంతా అక్కా. నేను నిన్ను గుర్తుపట్టలేదు. నీ చుక్క మొటిమలా ఉందని నీకే రాశాను.

ఎలుకలు, కుందేళ్ళు, వాసన, వాటన్నిటి గురించి ఇన్నాళ్ళూ ఛీ అని రాసినందుకు సిగ్గుగా ఉంది. ఇవాళ అద్దం ముందు మొహం కడుక్కుంటూ అదే మాట అనుకున్నాను, ఎవర్ని చూసి అనుకున్నానో నీకు చెప్పక్కర్లేదు. గోడమీది గ్రాఫు చించేశాను. చించడం వల్ల ఏమీ కాదని తెలుసు.

రేపు బస్సెక్కమంటావా? నువ్వు రమ్మంటేనే వస్తాను.

నీ చెల్లి

*

ఆసుపత్రి
జనవరి 27

నీ ఉత్తరం అందింది. రావద్దు.

వీపులోంచి సూది గుచ్చి మూత్రపిండం ముక్క తీసి చూశారు. సగానికి పైగా దెబ్బతిన్నదట. నెలకోసారి నరంలోకి మందు ఎక్కిస్తారు, ఆరునెలలు. సెప్టెంబరులో తెలిసుంటే మాత్రలతో అదుపులో ఉండేదేమో అన్నారు డాక్టరు. ఖచ్చితంగా చెప్పలేం అని కూడా అన్నారు, నిజం దాచడం ఎందుకు. నేనూ మూడు వారాలు దాచాను, ఆ లెక్క నాదే. మిగిలింది నీది.

నీకు తెలియక జరిగింది అని మీ బావ రోజూ చెబుతున్నాడు. తెలియకపోవడం గురించి కాదు నా బాధ. ఎవరో ఒక మనిషి అని నీకు తెలుసు. ఆ గొట్టం వెనకాల ఎవరో ఒక ఆడదో మగాడో తింటూ, నవ్వుతూ, మెట్లెక్కలేక ఆగుతూ ఉన్నారని తెలుసు. అది నేను కాకుండా ఇంకెవరైనా అయ్యుంటే నీకు ఈ నిద్రలేకపోవడం కూడా ఉండేది కాదు. ఆ ఆలోచనే నాకు మందుకంటే ఎక్కువ వికారం తెప్పిస్తోంది.

నీ మీద కోపం లేదు. కోపమైతే బాగుండేది, రెండు తిట్లతో తీరేది. నిన్ను తలుచుకుంటే అసహ్యం వేస్తోంది, చేతుల్లో పెంచిన పిల్లని తలుచుకుంటే అసహ్యం వెయ్యడం ఎలా ఉంటుందో నీకు తెలియదు. కొన్నాళ్ళు రాయకు.

*

హాస్టలు
మార్చి 3

అక్కా,

రాయొద్దన్నావు. ఐదువారాలు ఆగాను. ఇది క్షమించమని అడగడానికి రాస్తున్న ఉత్తరం కాదు, నీ మాటకి జవాబు. నువ్వు కాకుండా ఇంకెవరైనా అయ్యుంటే అన్నావు కదా.

ముందు సారు దగ్గరికి వెళ్ళాను. పధ్నాలుగు మా అక్క అని చెప్పాను. కుర్చీ చూపించి, నీళ్ళు తాగించి, చాలా మెత్తగా మాట్లాడారు.

"ఆవిడకి జబ్బుంది కదమ్మా ఇప్పుడు. జబ్బున్నావిడ ఆరోగ్యవంతుల గుంపులో ఉండకూడదు. అంటే నువ్వు తీసెయ్యడం కరెక్టే అయ్యింది."

ఆ మాటలో తప్పు ఎక్కడుందో చెప్పమంటే చెప్పలేను అక్కా, లెక్క సరిపోతుంది. ఆయన కప్పులో చెంచా తిప్పుకుంటూ అన్నారు. నేను చూసిన రోతలన్నిట్లో అంత శుభ్రమైనది ఇంకోటి లేదు. మీకు రెండుసార్లు పసుపు వచ్చినప్పుడు అనుమానం రాలేదా సార్ అని అడిగాను. వస్తే మాత్రం ఎంతమందికి చెప్పుకుంటూ తిరుగుతామమ్మా అన్నారు.

ఆ జవాబు విన్నాక పాత నోటుపుస్తకాలు తీశాను. నాకంటే ముందు ఐదు బ్యాచిలవి. తీసేసిన నంబర్లు మొత్తం ఐదు దొరికాయి, నువ్వు కాక. సీనియర్ తీసేసిన ఇరవై రెండు ఎవరో తన కాగితం చూస్తే తెలిసింది. మా హాస్టల్లో బట్టలుతికే ఆవిడ. దుప్పట్లు తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు సీనియర్ అడిగితే, పిల్లలు చదువుకోడానికే కదా అని చెయ్యి చాపిందట. రోజూ నా గది ముందు నుంచే వెళుతుంది. ఆవిడకి చెప్పి, నేనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఆవిడది ఇంకా మొదట్లోనే ఉంది, మాత్రలు మొదలుపెట్టారు. దారిలో నా చెయ్యి పట్టుకుని ఇంత మంచిపిల్లవేంటమ్మా అంది. బస్సు దిగి పారిపోదామనిపించింది.

మిగతా నాలుగు నంబర్ల కాగితాలు లేవు. అల్మారా ఖాళీ చేసినప్పుడు చెత్తలో పోయాయట. ఆ నలుగురూ ఎక్కడో ఉన్నారు, ఎవరో ఎవరికీ తెలియదు, ఇక తెలిసే దారి కూడా లేదు. మూడో నంబరు, పదిహేడో నంబరు, ఇరవై తొమ్మిదీ, ముప్ఫయ్యీ.

పధ్నాలుగు, ఇరవై రెండు ఉన్న గ్రాఫులు, ఆ పాత పుస్తకాల నకళ్ళు యూనివర్సిటీ నైతిక కమిటీకి ఇచ్చాను. ఒప్పుకోలు కాగితంలో ఆరో లైను కింద ఎర్రగా గీసి ఇచ్చాను. నేను రెండుసార్లు పసుపు చూసి తీసేశానని నా సంతకంతో రాశాను. పేపర్లోంచి నా పేరు తీసెయ్యమన్నాను. సారు నా గైడుగా ఉండనన్నారు. కొత్త గైడు దొరికేసరికి ఒక ఏడాది పోతుంది. సీనియర్ నాతో మాట్లాడటం లేదు, ఆ బల్ల మీద బిస్కెట్ల పొట్లం మాత్రం అలాగే ఉంటోంది.

ఇది కూడా రాయాలి. నువ్వు అన్నది నిజం. పధ్నాలుగు నువ్వు కాకపోయుంటే నేను కవరు విప్పేదాన్ని కాదు. ఈపాటికి ఆ పేపరు నీకే పంపి, అట్ట వేయించుకునేదాన్ని.

చెల్లి

*

ఇల్లు, షాపు వెనక గది
ఏప్రిల్ 2

ఛీపాపకి,

ఇంటికి వచ్చేశాను. రెండు మందులు ఎక్కించారు. పాదాలు తగ్గాయి, జుట్టు సగం లేదు. మీ బావ కుడుతున్నాడు, నేను పక్కన కూర్చుని తిడుతున్నాను. ఆయన కుట్టిన పుస్తకం బల్లమీద నిలబెడితే పక్కకి ఒరుగుతోంది. వేళ్ళు వేసవి పోయాక స్వాధీనంలోకి వస్తాయేమో చూద్దాం అన్నారు డాక్టరు. వస్తాయని అనలేదు.

ఆ రెండు థీసిస్‌లు ఎవరివో రసీదు పుస్తకంలో వెతికి, వాళ్ళ కాలేజీకి ఉత్తరం రాశాను. ఏ పేజీ నుంచి ఏ పేజీ దాకా అన్నది కూడా రాశాను. నువ్వు నవంబరులో అన్న మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది, నువ్వన్నది కుళ్ళుబుద్ధితోనే అయినా అబద్ధం మాత్రం కాదు. ఇక ఎవరైనా బైండింగ్ చూసుకోండమ్మా అంటే, అట్ట వెయ్యకుండా ఇచ్చేస్తాను.

అసహ్యం పూర్తిగా పోయిందని రాయను. పొద్దున మొహం ఉబ్బి ఉన్నరోజు ఎక్కువ ఉంటుంది, లేనిరోజు తక్కువ ఉంటుంది. నీ మార్చి ఉత్తరం ఆఖరి నాలుగు లైన్లు చదివాక కాస్త తగ్గింది. అవి రాయకుండా ఉంటే, మిగతా ఉత్తరమంతా నన్ను మెప్పించడానికి రాశావని అనుకునేదాన్ని. ఆ బట్టలుతికే ఆవిడకి మాత్రలు సరిగ్గా వేసుకోమని చెప్పు. ఎండలోకి వెళ్ళొద్దని చెప్పు, బట్టలు ఆరేసే పని ఇంకెవరికైనా ఇప్పించు.

మందు ఎక్కించేచోట ఒక అమ్మాయి వచ్చి ఎవరిదో పరిశోధనకి రక్తం ఇస్తారా అని అడిగింది. కాగితం తెచ్చింది. చదివాను. ఇందులోనూ ఆరో లైను ఉంది, అవే మాటలు. సంతకం పెట్టకుండా తిరిగి ఇచ్చేశాను. తర్వాత ఇంటికొచ్చి ఆలోచించాను. ఎవరూ ఇవ్వకపోతే ఆ నాలుగు నంబర్ల లాంటివాళ్ళకి ఎప్పటికీ ఎవరూ చెప్పరు కదా.

నీకు కొత్త గైడు దొరికాక రా. నర్సు వద్దు, నువ్వే సూది గుచ్చు, ఛీ అనకుండా. నీ గ్రాఫులో ఈసారి నేను అవతలి గుంపులో ఉంటానని తెలుసు. ఫర్వాలేదు, అక్కడే పెట్టు, ఎంత పైకి వెళితే అంత పైన పెట్టు. గొట్టం మీద మాత్రం నువ్వు కవర్లో దాచుకున్న మాటే రాయి, అక్క అని. నంబరు కూడా వెయ్యాలంటే, దాని కింద చిన్నగా వేసుకో.

నీ
అక్క